ఆకు అచ్చు, చేతిగొడ్డలి: చెన్నై శివారులో ఒక భూగర్భ పటం గీసిన వైనం

నేను భూగర్భ శాస్త్రజ్ఞురాలిని. ఒక లేఅవుట్‌లో నీళ్లెక్కడ పడతాయో తేల్చే ఈ పని మా చేతికి వచ్చేసరికే అక్కడ మూడు బోర్లు వేసేశారు. మూడూ పోయాయి. ఒకటి 180 అడుగుల దాకా సుద్దలోనే, అంటే సన్నటి బంకమట్టిలోనే దిగి ఆగింది. రెండోదాంట్లో తడి తగిలింది గానీ మోటారు దించేంత నీరు లేదు. మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి, కానీ నోట్లో పోసుకోలేనంత ఉప్పు.

స్థలం చెన్నైకి వాయవ్యాన, పూండి జలాశయం దాటి ఊత్తుకోట్టై వైపు పోయే దారిలో ఉంది. 40 ఎకరాల లేఅవుట్. యజమానులు మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంటి పెద్దాయన నంగనల్లూరులోని మా ఆఫీసుకు వచ్చి రెండు నివేదికలు బల్ల మీద పెట్టారు. మొదటిది బోర్లు వేయకముందు ఒక సలహాదారు రాసిచ్చింది. ఇది ఒండ్రు నేల, 150 అడుగుల లోపు నీరు పడుతుంది అని అందులో ఉంది. రెండోది బోర్లు పోయాక ఇంకొకరు ఇచ్చింది. ఇదంతా షేల్ (బురద గట్టిపడి పలకలైన రాయి), ఇక్కడ నీటి మీద ఆశ వదులుకోండి అని దాని సారాంశం.

“ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. ఇద్దరూ ఒకే మ్యాపు చూపించారమ్మా. ఏది నమ్మమంటారు?” అని అడిగారాయన.

ఆ మ్యాపు 1:2,50,000 స్కేలులో గీసినది. దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి, స్థలం మీద ఎర్ర చతురస్రం పెట్టి, రంగుల్లో ప్రింటు తీశారు. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు మందం గీత నేల మీద 250 మీటర్లు ఆక్రమిస్తుంది. 40 ఎకరాలంటే చదరంగా చూస్తే ఒక్కో వైపు దాదాపు 400 మీటర్లు. అంటే ఒండ్రుకూ షేల్‌కూ నడుమ గీసిన ఆ గీత ఒక్కటే స్థలంలో సగానికి పైగా మింగేస్తుంది. ఆ గీతకు ఈ పక్కన నిలబడి ఒకరు, ఆ పక్కన నిలబడి ఇంకొకరు రాసిచ్చారు. అంత చిన్న స్కేలులో పటం గీసినవాళ్ల తప్పు ఇందులో లేదు. జిల్లా మొత్తాన్ని ఒక చూపులో చూపించడానికి వాళ్లు గీశారు. దాన్ని సాగదీసి బోరు పాయింటు పెట్టడానికి వాడటం దగ్గరే తప్పు జరిగింది.

నీటి సర్వే తర్వాత చేద్దాం, ముందు నేల పటం గీద్దాం అన్నాను. స్థలం చుట్టూ సుమారు 50 చదరపు కిలోమీటర్లు, 1:25,000 స్కేలులో, ఐదు వారాలు. 40 ఎకరాలకు 50 చదరపు కిలోమీటర్లు ఎందుకని ఆయన అడిగారు. సరైన ప్రశ్నే. ఆ స్థలంలో ఎక్కడ నిలబడ్డా కాళ్ల కింద కనిపించేది ఎర్రటి గరుసు నేల ఒక్కటే. రాయి ఎక్కడైతే బయటపడుతుందో అక్కడ దాన్ని పట్టుకుని, దాని వాలు కొలిచి, కనిపించని చోటికి ఆ లెక్కను మోసుకురావాలి. చదునైన నేలలో పటం గీయడమంటే ఎక్కువ భాగం ఈ మోతపనే.

కింది నుంచి పైకి

చెన్నై అంతా ఇసుకా మట్టీ అనుకుంటారు చాలామంది. మా ఆఫీసు మేడ మీద నుంచి సెయింట్ థామస్ మౌంట్ కనిపిస్తుంది. ఆ కొండ రాయి చార్నొకైట్. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురై తయారైంది. కొత్తగా పగలగొట్టిన ముక్కను ఎండలో తిప్పి చూడండి. నూనె రాసినట్టు ముదురుగా మెరుస్తుంది. క్వార్ట్జ్ గింజలు కూడా నీలంగా ఉంటాయి. ఈ రాతికి ఆ పేరు పెట్టింది భూగర్భ శాస్త్రజ్ఞుడు థామస్ హాలండ్, 1893లో. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక ఇదే రాయి కావడంతో ఆ పేరు వచ్చింది. చెన్నై అడుగు బండ ఇదే. నగరం దక్షిణాన పైకి తేలుతుంది. ఉత్తరానికీ వాయవ్యానికీ పోయేకొద్దీ లోతుకు దిగిపోతుంది.

అలా దిగిన పల్లంలో గోండ్వానా కాలపు (దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉండి విడిపోయిన కాలపు) పొరలు నిండాయి. మా పనికి ముఖ్యమైనవి వాటిలో రెండు. శ్రీపెరుంబుదూరు పొరలంటే తెల్లటి, బూడిదరంగు సుద్ద షేల్, మధ్యమధ్యలో ఇసుకరాయి. వీటి పైన సత్యవేడు పొరలు, అంటే గులకరాళ్లు గట్టిపడిన కాంగ్లోమరేట్, ముతక ఇసుకరాయి. రెండూ క్రెటేషియస్ తొలి భాగానివి, పదికోట్ల ఏళ్లకు పైబడినవి. శ్రీపెరుంబుదూరు షేల్‌లో టిలోఫిల్లమ్ లాంటి మొక్కల ఆకు అచ్చులు దొరుకుతాయి. కొన్ని చోట్ల సముద్ర జీవుల శిలాజాలూ దొరికాయి. అంటే ఆ రోజుల్లో ఇక్కడ సముద్రం అంచు ఉండేది. ఒడ్డున అడవి, దాని ఆకులు రాలి బురదలో పడి, బురద పలకలుగా మారింది.

సత్యవేడు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మా అమ్మమ్మ ఊరు అక్కడికి దగ్గరే. చిన్నప్పుడు సెలవులకు వెళితే అచ్చనగాయలాటకు మేము ఏరుకున్నవి ఆ కాంగ్లోమరేట్ నుంచి విడివడిన క్వార్ట్‌జైట్ గులకరాళ్లే. కోడిగుడ్డంత నున్నగా ఉండేవి. నగరి కొండల వైపు నుంచి నదులు దొర్లించుకొచ్చిన రాళ్లవి. కొండ నుంచి విరిగి, నదిలో నునుపెక్కి, పొరలో గట్టిపడి, మళ్లీ విడివడి నా అరచేతిలోకి వచ్చాయని తెలుసుకోవడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

ఈ గోండ్వానా పొరల మీద లేటరైట్ (ఇనుము పట్టి గట్టిపడిన ఎర్ర నేల), ఎర్ర గులక నేల దుప్పటిలా కప్పి ఉంటాయి. వాటిని కోసుకుంటూ కుశస్థలి నది (తమిళంలో కొసస్థలైయారు), అరణియార్ తెచ్చి పోసిన ఒండ్రు ఉంది. పాలారు ఒకప్పుడు ఈ కుశస్థలి దారిలోనే పారిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంత చిన్న నదికి అంత వెడల్పు ఒండ్రు మైదానం ఎలా వచ్చిందన్న ప్రశ్న వేసుకుంటే ఆ మాటలో బలం కనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు, నా తప్పు

57 ఓ/15, 57 ఓ/16 టోపోషీట్లు (ఎత్తుపల్లాలు చూపే పటాలు), జీపీఎస్, దిక్కూ వాలూ కొలిచే బ్రంటన్ కంపాస్, హ్యాండ్ లెన్స్, సుత్తి, చిన్న సీసాలో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, నేలను తొలిచి మట్టి పైకి తీయడానికి మనిషి చేత్తో తిప్పే ఔగర్. నేను, ఎమ్మెస్సీ పూర్తిచేసి అప్పుడే చేరిన మా కుర్రాడు, ఊత్తుకోట్టై నుంచి ఒక డ్రైవరు. ఆ సరిహద్దు పల్లెల్లో తెలుగూ తమిళమూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. దారి అడిగినా బావి అడిగినా మాకు భాష అడ్డు రాలేదు.

పొద్దున ఆరింటికే నడక మొదలుపెట్టేవాళ్లం. పొరలు ఉత్తర–దక్షిణంగా సాగి తూర్పుకు కొద్దిగా వాలుతున్నాయి కాబట్టి మా ట్రావర్సులు (చూసుకుంటూ నడిచే వరుసలు) పడమర నుంచి తూర్పుకు, ఒకదానికొకటి అర కిలోమీటరు ఎడంతో. వాటిలో ముప్పావు వంతు దారి ఏమీ కనిపించదు. పొలం, గట్టు, తుమ్మ చెట్లు, మళ్లీ పొలం. అందుకని నేను ఒక జాబితా రాసుకున్నాను. ఇటుక బట్టీల గుంతలు, రోడ్డుకు మన్ను తోలిన గుంతలు, చెరువు తూము దగ్గర కోసుకుపోయిన గట్లు, తెలుగు గంగ కాలువ పక్కన కోసిన మట్టి, ఊరి బయట శ్మశానంలో కొత్తగా తవ్విన చోట్లు, అన్నింటికన్నా ముందు పాత దిగుడు బావులు. చదును నేలలో పొరలను చూపించే కిటికీలు ఇవే.

నేల తీరు కూడా చాలా చెబుతుంది. షేల్ మీద నేల మెల్లగా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, చెరువులు దగ్గర దగ్గరగా ఉంటాయి. నీళ్లు కిందికి ఇంకవని తెలిసే పూర్వీకులు ఆ చెరువులు అక్కడ కట్టారు. కాంగ్లోమరేట్ మీద గుండ్రటి తిప్పలు, పైన చెల్లాచెదురుగా గులకరాళ్లు, ముళ్లపొదలు, వాగులు తక్కువ. పాత నది దారి మీద మట్టుకు కంటికి ఏమీ తెలియదు. సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క నేల మీద 10 మీటర్లు. ఏప్రిల్ చిత్రం తీసి చూస్తే మా స్థలానికి తూర్పున ఒక వంకర పట్టీ మిగతా చోట్ల కన్నా పచ్చగా కనిపించింది. దాన్ని పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాను. అప్పటికి దాని అర్థం చెప్పేంత సమాచారం లేదు.

పడమటి వైపు పని సాఫీగా సాగింది. ఒక ఇటుక బట్టీ గుంతలో ఆరడుగుల లోతున తెల్లటి సుద్ద పలకలు పలకలుగా ఉంది. చాకు మొన పెట్టి తడితే పుస్తకంలో పేజీ తెరుచుకున్నట్టు విడిపోతుంది. మా కుర్రాడు పొద్దుటి నుంచి అలా పలకలు విడదీస్తూ కూర్చున్నాడు. పదకొండు దాటాక “మేడమ్, ఒకసారి రండి” అన్నాడు. గోరంత వెడల్పున ఒక ఆకు. నడిమి ఈనె, రెండు పక్కలా దువ్వెన పళ్లలా చిన్న చిన్న రెమ్మలు, తుప్పు రంగులో. టిలోఫిల్లమ్. పలక వాలు కొలిస్తే తూర్పుకు ఐదు డిగ్రీలు. ఇంక ఆ గుంతలో ఉన్నది శ్రీపెరుంబుదూరు షేల్ అని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. పోయిన మూడు బోర్లూ ఈ గుంతకు తిన్నగా తూర్పున, స్థలం పడమటి సగంలోనే ఉన్నాయి. ఎందుకంటే రోడ్డు ఆ పక్కన ఉంది, రిగ్గు లారీ అక్కడిదాకే వచ్చింది.

తూర్పు వైపు నేను తప్పు చేశాను. స్థలానికి ఆనుకుని ఒక ఎర్ర గులకతిప్ప ఉంది. నున్నటి క్వార్ట్‌జైట్ గులకలు, ఎర్రటి గట్టి మన్నుతో అతుక్కుని. సత్యవేడు కాంగ్లోమరేట్ అని రాసుకుని, పటం మీద ఆ రంగు వేసేశాను. లెక్క కూడా కుదిరినట్టే కనిపించింది. షేల్ తూర్పుకు వాలుతోంది, తూర్పున దాని పైన కాంగ్లోమరేట్ రావాలి, వచ్చింది. దాని కింద మళ్లీ షేల్ ఉండి తీరాలి. అంటే రెండో సలహాదారు అన్నదే నిజమవుతుంది, నీళ్ల ఆశ లేదు. ఆ రాత్రి పటం చూసుకుంటూ సంతృప్తిగానే పడుకున్నాను. గీతలన్నీ ముచ్చటగా కుదిరాయి కదా అని.

బావిలోకి

మూడో వారంలో ఆ తిప్పకు అరకిలోమీటరు తూర్పున ఒక దిగుడు బావి చూపించారు. దాన్ని 40 ఏళ్ల కిందట తవ్విన పెద్దాయన ఇంకా ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. మెట్లు దిగుతూ ఒక్కో పొర దగ్గర ఆగి, అరచేత్తో తట్టి చెప్పాడు.

“ఈడ నాలుగడుగులు ఎర్ర గరుసు తల్లీ. దాని కింద గులక, గట్టిది, గడ్డపార మొన వంగిపోయింది. ఇంగ ఈడ నుంచి సుద్ద. పద్నాలుగు అడుగులు.”

“ఆ పడమట బట్టీ గుంతలో ఉండే సుద్దేనా పెద్దయ్యా ఇది?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. “అదీ ఇదీ ఒకటెట్లయితాది? అది పలకలు పలకలుగా లేస్తాది. దాంట్లో ఎంత దిగినా నీళ్లు రావు. ఇది చూడు, ముద్దగా వస్తాది. లోపల సున్నపు గుండ్లు ఉండాయి. ఇది దాటినామంటే కింద జల.”

గోడలోంచి ఒక ముద్ద తీసి ఇచ్చాడు. బూడిదరంగు, తడిగా, నున్నగా. రంగు చూస్తే బట్టీ గుంతలోని దానికీ దీనికీ తేడా చెప్పలేం. చాకు మొన పెట్టి తడితే పలకగా విడలేదు, ముద్దగా ఊడింది. పాత వేళ్లు పోయిన సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ తుప్పు గీతలు. మధ్యలో చింతగింజంత తెల్లటి గుండ్లు. ఒకదాని మీద యాసిడ్ చుక్క వేస్తే సురసురమని పొంగింది. ఆ సుద్దకు వాలు లేదు, నీళ్ల మట్టంలా చదునుగా ఉంది. ఇంకా కిందికి దిగితే మోకాలి లోతు నీళ్ల పైన గోడలో గట్టిపడని ఇసుక, గులక. వేలితో గీరితే రాలిపోతోంది. అక్కడి నుంచి ఊట సన్నగా కారుతోంది. అది ఏప్రిల్ నెల.

పదికోట్ల ఏళ్ల నాటి షేల్ కింద ఇంత వదులు ఇసుక ఇంత పైన ఉండదు. ఇది నది పని. వరదలో తేరుకున్న బురద ఏటికేడు పేరుకుని సుద్దయింది. మధ్యలో నేల ఎండినప్పుడు సున్నం గుండ్లు కట్టింది, గడ్డి మొలిచి వేళ్లు దిగాయి. ఉపగ్రహ చిత్రంలో నేను గీసుకున్న పచ్చ పట్టీ సరిగ్గా ఈ బావి మీదుగా పోతోంది.

అలాగైతే బావికీ స్థలానికీ మధ్య ఉన్న ఎర్ర గులకతిప్ప ఏమిటి? మధ్యాహ్నం తిండి కూడా తినకుండా అక్కడికే పోయాం. తిప్ప ఉత్తరపు కొసలో రోడ్డు మన్ను కోసం కోసిన గోడ ఒకటుంది, పదడుగుల ఎత్తు. మొదటిసారి దాన్ని దూరం నుంచి చూసి వదిలేశాను. ఈసారి చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, అడుగడుగునా చూశాం. గులకలు నున్నగానే ఉన్నాయి, కానీ వాటి మధ్య శనగగింజలంత ఇనుప గుండ్లు ఉన్నాయి. అవి లేటరైట్ అరిగి, కొట్టుకొచ్చి చేరినవి. చాలా గులకలకు పైన ఎర్రటి మెరుపు పూత ఉంది. విరిగిన గులక అంచు మీద కూడా అదే పూత. అంటే విరిగాక మళ్లీ పూత పట్టేంత కాలం గడిచింది.

అప్పుడు కనిపించింది ఆ రాయి. నడుం ఎత్తున, గోడలో సగం దూరి ఉంది. అరచేయంత క్వార్ట్‌జైట్. కింది భాగం నున్నటి గులకే. పై భాగానికి వచ్చేసరికి రెండు వైపులా పెచ్చులు లేచి మొనదేరి ఉంది. పెచ్చులు ఒకదాని తర్వాత ఒకటి, ఇటూ అటూ మార్చి మార్చి లేచిన వరుస. నీటి దెబ్బకు రాయి విరుగుతుంది గానీ అలా లెక్కగా విరగదు. చేతిగొడ్డలి. మనిషి చేసింది.

మా కుర్రాడు దాన్ని తీయబోతే ఆపాను. పొరలో ఉన్నంతసేపే దానికి విలువ. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీశాం, స్థానం రాసుకున్నాం, ఆ వారమే పురావస్తు శాఖకు ఉత్తరం రాశాం. రాయి ఆ గోడలోనే ఉంది.

మనిషి చేసిన రాయిని లోపల దాచుకున్న పొర క్రెటేషియస్‌ది కాలేదు. ఇంత సూటి రుజువు చదును నేల పనిలో ఎప్పుడో గాని దొరకదు. పడమట ఆకు అచ్చు, తూర్పున చేతిగొడ్డలి. వాటి నడుమ ఎక్కడో నేను వెతికే సరిహద్దు ఉంది. ఆ సాయంత్రం పటం మీద సత్యవేడు రంగు చెరిపేశాను. సత్యవేడు కాంగ్లోమరేట్ నుంచే విడివడిన గులకను చాలా తర్వాత నీళ్లు మళ్లీ తెచ్చి ఇక్కడ పేర్చాయి. గులక పాతదే, పొర కొత్తది.

ఇదే పొరపాటు ఇంతకు ముందు కూడా

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న పల్లావరంలో ఇలాంటి ఎర్ర గులకలోనే మొదటి రాతి పనిముట్టు చూశాడు. ఆయన జియలాజికల్ సర్వేలో పటాలు గీసే మనిషి. అదే ఏడాది సెప్టెంబరు 28న విలియం కింగ్‌తో కలిసి పూండికి దగ్గర్లోని అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనుగొన్నాడు. ఈ దేశపు చరిత్రపూర్వ అధ్యయనం ఒక పటం గీసేవాడి కళ్లతో మొదలైంది. నాకు దీన్ని తలుచుకున్నప్పుడల్లా మా వృత్తి మీద గౌరవం పెరుగుతుంది.

అత్తిరంపాక్కంలో గులక కింద ఉన్న సుద్దను చాలాకాలం పాటు గోండ్వానా షేల్ అనే అనుకున్నారు. అది అడుగు రాయి కదా, అందులో పనిముట్లు ఎందుకుంటాయి అని. 1999 నుంచి పురావస్తు శాస్త్రజ్ఞురాలు శాంతి పప్పు బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. సుద్ద లోపల, లోతు దాకా పనిముట్లు బయటపడ్డాయి. అది షేల్ అయ్యే వీలే లేదు, నది వరదలు పరిచిన సుద్ద. వాటిలో అట్టడుగు పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ఆ బృందం ప్రకటించింది. మేము పనిచేసిన చోటు అక్కడికి ఎంతో దూరం లేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, పుస్తకంలో చదివినదే. అయినా గులక చూసి మోసపోయాను. సుద్ద చూసి మోసపోకుండా బావి పెద్దాయన ఆపాడు.

గీత ఎక్కడ పడింది

తర్వాతి పది రోజులు ఔగర్ పని. స్థలం లోపల తూర్పు–పడమరగా మూడు వరుసల్లో గుంతలు వేశాం. ఒక్కో గుంతలో ఎర్ర మన్ను, గులక దాటి సుద్ద తగలగానే ఆ ముద్దకు మూడే పరీక్షలు. పలకగా విడిపోతుందా, వేళ్ల గొట్టాలు ఉన్నాయా, యాసిడ్‌కు పొంగే గుండ్లు ఉన్నాయా. పడమటి గుంతల్లో పలకల సుద్ద, తూర్పు గుంతల్లో గుండ్ల సుద్ద. ఒక్క చోట, 30 మీటర్ల ఎడంలో, ఒకటి ఇదీ ఒకటి అదీ. సరిహద్దు స్థలం తూర్పు మూడోవంతు గుండా ఈశాన్యానికి వంగుతూ పోయింది.

అప్పుడు రెసిస్టివిటీ సర్వే చేశాం, అంటే నేలలోకి కరెంటు పంపి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటాయో కొలిచాం. ఇది ముందే చేయొచ్చు కదా అని క్లయింటు అడిగారు. ముందే చేస్తే ఇబ్బంది ఉంది. తడి సుద్దకూ ఉప్పునీటి ఇసుకకూ మీటరులో దాదాపు ఒకే తక్కువ విలువ వస్తుంది. కింద ఏ పొరలు ఏ వరుసలో ఉన్నాయో తెలిసినప్పుడే ఆ అంకెలకు అర్థం చెప్పగలం. పడమట పైనుంచి కింది దాకా తక్కువ విలువే. తూర్పు పట్టీలో మాత్రం పైన తక్కువ, మధ్యలో ఒక పెరుగుదల, మళ్లీ తక్కువ. సుద్ద, దాని కింద మంచినీటి ఇసుక, దాని కింద షేల్ అని చదివాను. మూడో బోరులో ఉప్పు ఎందుకన్నదానికి నా అంచనా ఇది. సముద్రపు అంచున పేరుకున్న పొర, నీరు కదలని పొర, లోపలి ఉప్పును కడిగి తీసుకుపోయే దారి లేదు.

తూర్పు పట్టీలో మొదటి బోరు వేసిన రోజు రిగ్గు పక్కనే నిలబడి ప్రతి మూడడుగులకూ మట్టి సంచిలో పట్టాం. 5 అడుగులు ఎర్ర మన్ను, 9 దాకా గులక, 26 దాకా గుండ్ల సుద్ద. 26 దాటగానే డ్రిల్లరు ముఖం మారింది, రిగ్గు చప్పుడు గరగరమంది. 41 దాకా ముతక ఇసుక, గులక, నీళ్లు. 41 దగ్గర పలకల సుద్ద ముక్కలు పైకి రావడంతో ఆపమన్నాను. ఇంకో వంద అడుగులు వేద్దామని డ్రిల్లరు పట్టుబట్టాడు. అడుగుల లెక్కన డబ్బు కాబట్టి ఆయన అడగడం సహజం. షేల్‌లోకి దిగితే ఉప్పు నీరు పైకి కలిసే ప్రమాదం ఉందని ఒప్పించాను. 27 నుంచి 40 దాకా మాత్రమే చిల్లుల పైపు, మిగతాది మూసిన కేసింగ్. 24 గంటలు మోటారు నడిపితే నీటి మట్టం కొంత దిగి నిలకడగా ఆగింది. ల్యాబులో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాలు) లీటరుకు 600 మిల్లీగ్రాములకు కాస్త పైన వచ్చింది. తాగునీటి ప్రమాణంలో కోరదగ్గ హద్దు 500, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 2,000 దాకా.

ఇక్కడితో పని తేలికగా ముగియలేదు. ఆ ఇసుక పొర మందం 15 అడుగులే. నలభై ఎకరాల్లో ఇంటికో బోరు వేస్తే రెండు వేసవుల్లో అడుగంటిపోతుంది. రెండు ఉమ్మడి బోర్లకు మించి వేయవద్దని, తూర్పు పట్టీ మీద కాంక్రీటు పోయవద్దని, ఎర్ర గులక తెరుచుకున్న తిప్ప పక్కన వాన నీరు ఇంకే గుంతలు కట్టమని రాశాను. క్లబ్‌హౌసు, పార్కింగు సరిగ్గా ఆ పట్టీ మీదే గీసుకున్నారు వాళ్లు. ప్లాను మార్చాలంటే మళ్లీ అనుమతులు, ఖర్చు. రెండు మీటింగులు గట్టిగానే సాగాయి. మూడోసారి నేను నివేదిక పక్కన పెట్టి, రెండు సుద్ద ముక్కలు బల్ల మీద పెట్టాను. పలకది ఒకటి, గుండ్లది ఒకటి. మీ బోర్లు పోయింది ఇందులో, మీ నీళ్లున్నది దీని కింద అన్నాను. యజమాని పెద్దాయన రెండింటినీ చాలాసేపు చేత్తో నలుపుతూ కూర్చున్నారు. “మా నాన్న కూడా బావి తవ్వించేటప్పుడు ఇలాగే మట్టి వాసన చూసేవారు” అన్నారు. పార్కింగును పడమటి వైపుకు మార్చారు.

పటం ఆఖరి ప్రతిలో సరిహద్దు మూడు రకాలుగా ఉంది. కళ్లారా చూసిన చోట నిండు గీత. రెండు గుంతల మధ్య లెక్కించిన చోట విడివిడి గీత. ఈశాన్య మూలలో అది ఒక చెరువు కిందికి పోతుంది. అక్కడ చుక్కలు మాత్రమే పెట్టాను, పక్కన ప్రశ్నార్థకంతో సహా. మేము పని చేసినప్పుడు చెరువులో నీళ్లున్నాయి. అది ఎండినప్పుడు కబురు చేస్తానని బావి పెద్దాయన మాటిచ్చాడు. ఔగర్ ఆయన ఇంట్లోనే వదిలి వచ్చాం.